బంతి ఎగరాలా, ఆగాలా

కోవిల్‌పట్టి
1936 సెప్టెంబరు 14

అక్కకు సుబ్బురాజ్ నమస్కారం.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నాయన పత్తి విత్తనాలకని నాగలాపురం పోయినాడు. తెల్లావు ఈనింది, కోడెదూడ. ఇంటి సంగతులు ఇంతే. ఇంక నా సంగతి.

పోయిన నెల బెర్లిన్‌లో మనవాళ్ళు హాకీ గెలిచినారని పేపర్లో వచ్చినప్పటి నుంచి మా క్లబ్బులో ఎవురికీ కాలు నిలవడం లేదు. మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే నేనే సాయంత్రం గంట కొట్టకముందే స్టిక్కు పట్టుకొని నిలబడుతుండానంటే చూసుకో. జనవరిలో మీ విరుదునగర్ జట్టుతో, మీ ఊళ్ళోనే, మ్యాచ్ ఒప్పుకొన్నాము.

ఒక సాయం కావాల. గోల్ కాసేవానికి కాళ్ళకు కట్టుకొనే ప్యాడ్లు ఇక్కడ దొరకవు. తిరునెల్వేలిలో అడిగినా లేవన్నారు. బావ వ్యాపారం మీద మదురై పోతా ఉంటాడు కదా, అక్కడ చూడమను. హాకీ బంతి తోలుదే గానీ రాయి మాదిరి ఉంటుంది. పోయినవారం గోలీకి మోకాలి కింద ఎముక మీద తగిలి చింతపండు రంగుకు తిరిగింది.

కొలతలకు దారాలు పెట్టినాను. నల్లదారం మోకాలి పైనుంచి పాదం దాకా. తెల్లదారం పిక్క చుట్టూ.

నీ తమ్ముడు
సుబ్బురాజ్


విరుదునగర్
సెప్టెంబరు 19

చి. సుబ్బురాజ్‌ను అక్క ఆశీర్వదించి అడిగేది:

ఎవురి కాలురా అది?

నల్లదారం చూసినాను. నీ కాళ్ళు నాకు తెలీవా? చిన్నప్పుడు తుమ్మముల్లు గుచ్చుకొన్నప్పుడల్లా నా ఒళ్ళోనే పెట్టి ఏడ్చినావు. ఈ దారం నీదైతే నా పెండ్లయినాక నువ్వు కొంగ మాదిరి పెరిగి ఉండాల. గోల్ నిలబడేది నువ్వు కాదు. ఎవురో చెప్పకుండా "గోలీ, గోలీ" అని రాసినావు. ఎందుకు?

నేను హాకీ చూసింది లేదు. ఆ బంతి కాలికి తగిలేదాకా ఆయన ఎందుకు నిలబడి ఉండాల? పక్కకు తప్పుకొంటే ఏమవుతుంది? చేతిలో కర్ర ఉంటుంది కదా, దానితో కొట్టరాదా? మీ బావను అడిగితే "నాకేం తెలుసు, మీ తమ్ముణ్ణే అడుగు" అన్నాడు. మదురైలో మాత్రం తప్పకుండా చూస్తానన్నాడు.

ఏం రాయాలన్నా ధైర్యంగా రాయి. ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదివేది నేనొక్కదాన్నే. మన తాత పలక మీద నేర్పింది ఇప్పుడు పనికొస్తా ఉండాది. అత్తకు నేను చదివి వినిపించేటప్పుడు తీసేయాల్సింది తీసేస్తాను.

పొన్నుతాయి


కోవిల్‌పట్టి
సెప్టెంబరు 25

అక్కకు,

నీ ముందర దాచలేను. ఆ కాలు పాల్‌పాండిది. మన బావికి నీళ్ళు తోడే కవలై తోలు కుట్టే వెళ్ళైసామి ఉండాడే, ఆయన పెద్ద కొడుకు. కిరస్తానీ వేదంలో చేరినవాళ్ళు. పాల్‌పాండి మిషన్ బడిలో చదివి, ఇప్పుడు మా మిల్లులోనే నూలు వడికే విభాగంలో పని చేస్తా ఉండాడు. మనం మాట్లాడే తెలుగే మాట్లాడతాడు. పేరు ఎందుకు రాయలేదంటే, మీ అత్తమ్మ వింటే బావ చేత కొననీయదేమో అని.

నువ్వు అడిగినదానికి చెప్తాను. గోలీ వెనక వల కట్టిన గుంజలు ఉంటాయి. బంతి వాటి మధ్య దూరితే అయిపాయె. మిగతావాళ్ళం కర్రతోనే ఆడాల, గోలీ ఒక్కడే కాలితో తన్నొచ్చు. అందుకే కాలు అడ్డం పెడతాడు. తప్పుకొంటే వాడు గోలీ కాదు, వేడుక చూసేవాడు.

ఇప్పుడు వాడు గోనెసంచి మడిచి, కాళ్ళకు చుట్టి, కొబ్బరి తాడుతో కట్టుకొంటాడు. పరిగెత్తితే జారుతుంది. "ఎట్లా నిలబడతావురా?" అని అడిగినాను. "నువ్వు నా ముందర బ్యాక్‌గా ఉండావు కదా, నువ్వు ఆపితే నాకేం పని?" అన్నాడు. నేను ఆపేది తక్కువ, అక్కా.

సుబ్బురాజ్


విరుదునగర్
అక్టోబరు 8

తమ్ముడికి,

మీ బావ మదురైలో ప్యాడ్లు కొని తెచ్చినాడు. తెల్లగా, నిలువు గీతలు గీతలుగా, ఒక్కొక్కటి చంటిబిడ్డంత ఉండాది. అత్త వచ్చి తట్టి చూసి, "ఇది ఏ ఊరి దిండు?" అన్నది. మా తమ్ముడు ఆడే ఆటకు అని చెప్పినాను. నీ కాళ్ళకే అనుకొన్నది. నేను కాదనలేదు, అవుననలేదు.

రైలు పార్సెలులో పంపుతుండాను. కట్టుకొన్నాక ఆ అబ్బాయి ఏమన్నాడో రాయి. నువ్వేమనుకొన్నావో కాదు, ఆయన ఏమన్నాడో.

ఒక సందేగం. తట్టి చూస్తే ఇవి గట్టిగా ఉండాయి. గోడకు కొట్టినట్టు బంతి ఎగిరి పోవాలా? లేకుంటే పరుపు మీద పడినట్టు అక్కడే ఆగాలా? మీ బావకు తెలీదు. అంగడివాడికీ తెలీదంట.

పొన్నుతాయి


కోవిల్‌పట్టి
అక్టోబరు 17

అక్కా,

ప్యాడ్లు వచ్చినాయి. పాల్‌పాండి కట్టుకొని రెండడుగులు వేసి, "ఇవి క్రికెట్టువి" అన్నాడు. మిషన్ బడిలో దొరలు ఆడేటప్పుడు చూసినాడంట. క్రికెట్టు ఆడేవాడు పక్కకు తిరిగి నిలబడతాడు, అందుకని ఇవి సన్నం. మా ఆటలో బంతికి ఎదురు నిలబడాల. రెండు కాళ్ళు చేర్చి పెట్టినా సందులోంచి బంతి పిల్లి మాదిరి జారిపోయింది. పాదం మీద ఏమీ కప్పదు కూడా. వాపసు పంపుతుండాను, అంగడివాడి తప్పు లేదు, మనం అడిగింది సరిగా అడగలేదు. బావకు నా మీద కోపం రాకుండా చూడు.

నీ సందేగం వాని ముందర పెట్టినాను. "ఎగిరితే ఎదుటివాని కర్రకే పోతుంది. మళ్ళీ కొడతాడు. నా కాలి దగ్గర చచ్చి పడాల. అప్పుడు ఎటు తన్నాలో నేను చెప్పొచ్చు" అన్నాడు. తరువాత, "ఈ మాట అడిగింది ఎవురు?" అన్నాడు. మా అక్క అన్నాను. "ఆమె ఆడతాదా?" అని అడిగినాడు!

వానలు మొదలైనాయి. కరిసల్ నల్లరేగడి నేల కాలు పెడితే వదలడం లేదు. ప్రాక్టీసు లేదు.

సుబ్బురాజ్


విరుదునగర్
నవంబరు 26

తమ్ముడికి,

ఇన్నాళ్ళు రాయలేదని అలిగినావంట, అమ్మ చెప్పి పంపింది. చేతినిండా పని. విను.

మీ బావ ఆటసామాన్లు చేసే సియాల్‌కోట్ నుంచి కేటలాగు తెప్పించినాడు. ఆయన ఇంగ్లీషులో చదువుతా పోతే నేను బొమ్మలు చూసినాను. హాకీ గోలీకని వేరేగా ఉండాయి, వెడల్పుగా, పాదం మీదికి నాలుక మాదిరి దిగేవి. పైన తోలువి కొన్ని, గట్టి గుడ్డవి కొన్ని. తోలువి చూడముచ్చటగా ఉండాయి గానీ తడిస్తే బరువంట. మీ కరిసల్ బురద తలుచుకొని గుడ్డవే చెప్పినాను. ఇంత దేశం దాటి వీ.పీ. పార్సెలు వచ్చేదాకా రోజూ పోస్టుమేన్ కోసం వాకిట్లోనే ఉన్నాను.

వచ్చినాయి. నువ్వు పంపిన పాత బంతిని మిద్దె మీద నుంచి వాటి మీద పడేసినాను. ఎగిరి పోయి తులసికోటకు తగిలింది! అత్త పరిగెత్తుకొచ్చింది. "ఏం పడేస్తా ఉండావే?" అని అరిచింది. చెప్పినాను. బంతి ఎగరకూడదు, చచ్చి పడాల అని. అత్త బంతిని చేతిలో తిప్పి చూసి, "నేను పైకి పోతాను, నువ్వు కింద చూడు" అన్నది.

ఆమె చేతి పరుపులు ఈ వీధిలో అందరి ఇండ్లలో ఉండాయి. కుట్టు విప్పింది. లోపల బెత్తం పుల్లలు, వాటి మీద గుర్రం వెంట్రుకలు. బెత్తాన్ని అట్లే ఉంచి, వెంట్రుకలు తీసి బూరుగు దూది పెట్టింది. మొదట బాగా ఆగింది, పొద్దు మళ్ళేసరికి దూది అణిగి అప్పళం అయిపోయింది. మరుసటి దినం మన కరుంగన్ని పత్తి బాగా ఏకి దట్టంగా కూరింది. బంతి ఆగింది గానీ నేను కట్టుకొని చూస్తే మోకాలు వంగలేదు. తలుపు వేసుకొని కట్టుకొన్నాలే, ఎవురూ చూడలేదు. అత్త ఒక్కతే చూసి పడీపడీ నవ్వింది. చివరికి పత్తిని పలచగా పొరలు పొరలుగా పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టి, మోకాలి దగ్గర మాత్రం పొర తగ్గించింది. ఇప్పుడు బంతి పడితే, "తప్" అని ఒక్క శబ్దం, అక్కడే కూర్చుంటుంది.

ఈ అబ్బాయి ఎవురో అత్తకు ఇంకా చెప్పలేదు. చెప్పాలనుకొంటాను. ఆమె సూదిలో దారం ఎక్కించే ముఖం చూస్తే నోరు రాదు.

పొన్నుతాయి


కోవిల్‌పట్టి
డిసెంబరు 12

అక్కా,

ప్యాడ్లు బాగుండాయి. బాగుండాయి అంటే చాలదు. పాల్‌పాండి కట్టుకొని నిలబడితే మేమందరం వరుసగా కొట్టినాము. ప్రతి బంతీ వాని కాలి దగ్గర కుక్కపిల్ల మాదిరి పడుకొన్నది. వాడు నవ్వడం ఆ దినం చూసినాను, మామూలుగా నవ్వడు.

కానీ ఒక గొడవ వచ్చింది. పత్తి గింజలు తీసే ఫ్యాక్టరీ వెనక గది మా క్లబ్బుది. అందరి స్టిక్కులు, చొక్కాలు అక్కడ ఉంటాయి. పాల్‌పాండి ఎప్పుడూ ఆ గడప దాటింది లేదు. గోనెసంచి ఇంటికి తీసుకొని పోయేవాడు. ఆ దినం లోపలికి వచ్చి ప్యాడ్లు ఖాళీ కొయ్యకు తగిలించి పోయినాడు. మరుసటి సాయంత్రం చూస్తే ప్యాడ్లు బయట వసారాలో నేల మీద ఉండాయి.

మా సెక్రటరీ రాజగోపాలన్ మంచిగానే చెప్పినాడు. "నీవే కదప్పా, ఇంట్లో పెట్టుకో. ఇక్కడ ఎలుకలు ఉండాయి" అని.

పాల్‌పాండి ప్యాడ్ల మీద దుమ్ము దులిపినాడు. "ఇవి క్లబ్బువా, నావా? క్లబ్బువైతే లోపల ఉండాల. నావైతే ఎందుకు ఇచ్చినారు? నేను అడగలేదే" అన్నాడు. పట్టీలు చక్కగా చుట్టి అక్కడే పెట్టి పోయినాడు. ఆ తరువాత రాలేదు. మిల్లులో కనపడితే తల ఊపుతాడు, అంతే.

వాడు కొంచెం సర్దుకొని ఉంటే బాగుండేది. మ్యాచ్ దగ్గరికి వచ్చింది.

సుబ్బురాజ్


విరుదునగర్
డిసెంబరు 15

సుబ్బురాజ్,

రాజగోపాలన్ చెప్పింది రాసినావు. పాల్‌పాండి చెప్పింది రాసినావు. నువ్వు అక్కడే ఉండావు కదా. నువ్వేం చెప్పినావు? అది రాయలేదే.

అక్క


కోవిల్‌పట్టి
1937 జనవరి 6

అక్కకు,

నేను ఏమీ చెప్పలేదు. అందుకే రాయలేదు.

నీ జాబు జేబులో పెట్టుకొని నాలుగు దినాలు తిరిగినాను. గోల్‌కు ఎవురు నిలబడతారని రాజగోపాలన్ అడిగినప్పుడు అందరూ తమ కాళ్ళు చూసుకొన్నారు. నేను నిలబడతానన్నాను. వసారాలో ప్యాడ్లు తీసి కట్టుకొన్నాను. పాల్‌పాండి చెమట వాసన ఇంకా ఉండాది వాటిలో. అందరూ చూసినారు.

అక్కా, గోల్ ముందర నిలబడేది ఏమని చెప్పేది! బ్యాక్‌గా ఆడేటప్పుడు బంతి పక్కకు పోతుందో ముందుకు పోతుందో అని చూస్తాము. అక్కడ నిలబడితే బంతి నీకోసమే వస్తుంది. కాలికి మెత్తగానే తగిలింది, నొప్పి లేదు. అయినా ప్రతిసారీ కళ్ళు మూసుకొన్నాను. ఎన్ని దూరినాయో అడగొద్దు. వాడు ఏడాదిగా గోనెసంచి కట్టుకొని, కళ్ళు తెరిచి నిలబడినాడు. నేను వానికి ముందర నిలబడి అది ఏమని ఒక్కసారి అడిగింది లేదు.

ఆట అయినాక తడి ప్యాడ్లు లోపలికి తీసుకొని పోయి, నా చొక్కా పక్కనే తగిలించినాను. రాజగోపాలన్, "బయట పెట్టు" అన్నాడు.

"ఇవి బయట ఉంటే నా స్టిక్కు కూడా బయటనే ఉంటుంది" అన్నాను. స్టిక్కు తీసి వసారాలో పెట్టినాను. మా సెంటర్ ఫార్వర్డు చెల్లసామి ఏం అనుకొన్నాడో, తన స్టిక్కు కూడా తెచ్చి పక్కన పెట్టినాడు. ఇంకెవురూ రాలేదు. అయినా ఇద్దరు లేకుంటే జట్టు లేదు. రాజగోపాలన్ గది తాళంచెవి తీసుకొని, ప్యాడ్లు ముట్టకుండా వెళ్ళిపోయినాడు.

ఆ దినమే పాల్‌పాండి ఇంటికి పోయినాను. "నువ్వు వచ్చి పిలిస్తే చాలదు, బయట పెట్టినవాడు చెప్పాల" అన్నాడు. వాళ్ళమ్మ మూక్కమ్మాళ్ నన్ను కూర్చోమనలేదు. అది న్యాయమే.

మొన్న మిల్లు గేటు దగ్గర రాజగోపాలనే వానికి ఎదురుపోయినాడు. మ్యాచ్ పోతుందనే పోయినాడు, మనసు మారి కాదు. "రేపు ప్రాక్టీసుకు రా. ప్యాడ్లు గదిలోనే ఉండాయి" అని అరవంలో చెప్పి, ఎక్కడో చూస్తా నిలబడినాడు. పాల్‌పాండి, "సరే" అన్నాడు. నిన్న వచ్చినాడు. గదిలోకి పోయి, తనే తీసి కట్టుకొన్నాడు.

ఇరవైనాలుగో తేదీ ఆదివారం మీ ఊరికి వస్తుండాము.

సుబ్బురాజ్


విరుదునగర్
జనవరి 27

తమ్ముడికి అక్క ఆశీర్వాదం.

మీరు రాత్రి రైలుకే పోతిరి, మాట్లాడేదానికి వీలు లేకపాయె. నువ్వు అంతసేపూ గోల్‌కు వీపు పెట్టి ఆడినావు. వెనక జరిగింది నీకు తెలీదు. అందుకని నేను రాస్తుండాను.

ముందుగా ఒకటి. మీరు ఓడిపోయిన ఆ ఒక్క గోల్ నీ స్టిక్కుకు తగిలి మలుపు తిరిగింది. ఇది నువ్వు నాకు రాయవు. పాల్‌పాండి ఒక పక్కకు వంగినాడు, బంతి ఇంకో పక్కకు పోయింది. నువ్వు తల పట్టుకొన్నావు. ఆయన వచ్చి నీ భుజం మీద తట్టి పోయినాడే, ఏమన్నాడు? అది మాత్రం రాయి.

అత్త వస్తుందని నేను అనుకోలేదు. "నేను కుట్టింది నేను చూడకుంటే ఎట్లా?" అని బండి కట్టించింది. మైదానం ఓరన బండిలో కూర్చున్నాము. ఆడవాళ్ళు మేమిద్దరమే. అత్త కండ్లు చిన్నవి చేసి చూసి, "మీ తమ్ముడు అక్కడ ఉండాడు. నా ప్యాడ్లు కట్టుకొన్నది ఎవురు?" అన్నది.

ఇంక దాచేదానికి లేదు. "పాల్‌పాండి" అన్నాను.

"ఎవురి బిడ్డ?"

"మా ఊరి వెళ్ళైసామి కొడుకు. కవలైకి తోలు కుట్టే వెళ్ళైసామి."

అత్త కొంగు సర్దుకొని మళ్ళీ మైదానం వైపు తిరిగింది. బండి తిప్పమంటుందేమో అని నేను చేతులు పిసుక్కొంటా కూర్చున్నాను. ఆట ఏం జరిగిందో శానాసేపు నాకు కనపడలేదు. అప్పుడు మా విరుదునగర్ వాళ్ళలో ఒకడు దగ్గర నుంచి కొట్టినాడు. నేను కళ్ళు మూసుకొన్నాను, నీ మాదిరే. "తప్" అన్నది. కళ్ళు తెరిచి చూస్తే బంతి ఆయన కాలి దగ్గర కదలకుండా ఉండాది. ఆయన దాన్ని ఒక్క క్షణం చూసి, ఎటో నిదానంగా తన్నినాడు.

అత్త నా చెయ్యి పట్టుకొని, "కుడికాలిది కిందికి జారతా ఉండాది. మోకాలు బయట పడుతుంది" అన్నది.

సగం ఆట అయి మీరందరూ నీళ్ళకు పోయినప్పుడు అత్త బండి దిగింది. తెలుగులో, గట్టిగా, "ఒరే అబ్బాయి, గోలీ అబ్బాయి!" అని పిలిచింది. ఆయన వచ్చినాడు. బండికి ఎడంగా, చేతులు కట్టుకోకుండా, నిటారుగా నిలబడినాడు.

"అంత దూరంలో ఉంటే నాకు కుట్టు కనపడదు. దగ్గరికి రా."

వచ్చినాడు. అత్త నేల మీద చతికిలబడి, ఆయన కాలు తన ముందరికి లాక్కొని, పట్టీ విప్పి, పైకి జరిపి, పంటితో ముడి బిగించింది. నా కళ్ళతో చూసినాను. ఆయన వంగి, "నేను కట్టుకొంటా అవ్వా" అంటే, "నీకు తెలిస్తే జారేదే కాదు" అన్నది. తరువాత బొటనవేలితో మోకాలి కింద నొక్కి, "నొప్పి ఉండాదా?" అని అడిగింది.

"లేదు అవ్వా. బంతి వచ్చేది తెలుస్తుంది, తగిలేది తెలీదు."

"వచ్చేటప్పుడు ఏం చూస్తావు? బంతినా, కర్రనా?"

"కొట్టేవాని భుజం చూస్తాను. బంతి ఎటు పోవాలో భుజానికి ముందే తెలుసు."

అత్త పట్టీని ఇంకోసారి లాగి చూసింది. "మీ అమ్మ చూసిందా నువ్వు ఆడేది?" అన్నది. లేదన్నాడు. "చూపించు" అన్నది. అంతలో ఈల వేసినారు, ఆయన పరిగెత్తినాడు. ప్యాడు మళ్ళీ జారలేదు.

బండి ఇంటికి మళ్ళింది. ఈ ఇంటి మర్యాద నీకు తెలుసు. అటువంటివాళ్ళ నీడ పడితేనే అత్త తలకు పోసుకొని గానీ గడప దాటదు. బండి ఆగింది. నేను ముందుగా దిగి, నీళ్ళతొట్టి దగ్గర బిందె పెట్టి, పక్కకు జరిగి నిలబడినాను. అత్త తొట్టి దగ్గరికి వచ్చింది. బిందె చూసింది, నన్ను చూసింది. చెంబుతో నీళ్ళు తీసుకొని, రోజూ మాదిరే కాళ్ళు మాత్రం కడుక్కొని, లోపలికి పోయింది.

నేను అక్కడే నిలబడిపోయినాను. లోపల నుంచి, "ఏందే ఇంకా వాకిట్లో? అన్నం పెట్టు, ఆకలేస్తా ఉండాది" అని పిలిచింది.

పోయి పెట్టినాను. ఇద్దరం వంటింట్లో కూర్చొని తిన్నాము.

పొన్నుతాయి